బిడ్డ ఫోస్టర్ కేర్‌లో ఉన్నప్పుడు కన్నవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో పారా లీగల్ వాలంటీరుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే అర్జీల్లో గట్టు తగాదాలు, భార్యాభర్తల గొడవలే ఎక్కువ. వాటి మధ్యలో ఎప్పుడో ఒక తల్లో తండ్రో వచ్చి, "మా పిల్లాణ్ణి గవర్నమెంటువాళ్ళు ఎవరింట్లోనో పెట్టారండీ, మళ్ళీ ఇస్తారాండీ?" అని అడుగుతారు. అడిగేటప్పుడు గొంతు తగ్గించేస్తారు, పక్కన బెంచీ మీదవాళ్ళు వింటారేమోనని. అలా వచ్చిన ప్రశ్నలే ఇక్కడ రాశాను. చట్టంలో ఉన్నది చట్టంలో ఉందని చెప్పాను, నా సలహా అయిన చోట నా సలహా అన్నాను.

ఫోస్టర్ కేర్ అంటే బిడ్డను దత్తత ఇచ్చేసినట్టేనా?

కాదు. మన వైపు రెండిటికీ "పెంచుకోవడానికి ఇచ్చారు" అనే ఒక్క మాటే వాడతారు కాబట్టి ఈ భయం పుడుతుంది. దత్తత అయిపోతే బిడ్డ చట్టప్రకారం ఆ ఇంటి బిడ్డ. ఇంటిపేరు మారుతుంది, ఆస్తి హక్కు అక్కడికి వెళుతుంది, కన్నవాళ్ళతో చట్టపరమైన బంధం తెగిపోతుంది. ఫోస్టర్ కేర్‌లో ఇవేవీ జరగవు. సొంత ఇంట్లో ఉండే పరిస్థితి లేనప్పుడు, అనాథాశ్రమం లాంటి హోమ్‌లో పడేయకుండా ఒక కుటుంబంలో ఉంచి పెంచడం ఇది. కొద్దికాలం కావచ్చు, కొన్నేళ్ళు కావచ్చు. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టంలో 44వ సెక్షన్ అంతా దీని గురించే. సాధారణంగా ఆరేళ్ళు దాటిన పిల్లల్నే ఇలా పంపుతారు. పెంచే కుటుంబానికి మిషన్ వాత్సల్య పథకం కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. ఆ డబ్బు బిడ్డ తిండికి, చదువుకు, వైద్యానికి. ఆ కుటుంబం బిడ్డను కొనుక్కున్నట్టు కాదు, మీరు అమ్ముకున్నట్టూ కాదు. ఊళ్ళో ఎవరైనా అలా అంటే నమ్మకండి.

మేం పేదవాళ్ళమనే మా బిడ్డను తీసుకెళ్ళారా?

డబ్బు లేకపోవడం ఒక్కటే కారణమైతే, బిడ్డను ఇంట్లోనే ఉంచి సాయం చేయడానికి వేరే దారి ఉంది. అది 45వ సెక్షన్, స్పాన్సర్‌షిప్. తల్లి వితంతువైనా, భర్త వదిలేసినా, తల్లిదండ్రులు ప్రాణాంతకమైన జబ్బుతో ఉన్నా, ప్రమాదం జరిగి సంపాదించలేని, బిడ్డను చూసుకోలేని స్థితిలో ఉన్నా దీనికి అడగవచ్చు. మన దగ్గర కొబ్బరి దింపు తీసేవాళ్ళు చెట్టు మీంచి పడి నడుం విరిగి మంచాన పడతారు. వేటకెళ్ళిన మనిషి సముద్రంలోనే పోతాడు. సరిగ్గా ఇలాంటి ఇళ్ళ కోసమే ఈ సెక్షన్ ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 రూపాయలు, మిగతా చోట్ల 96,000 దాటకూడదు. ఇక్కడ కూడా నెలకు 4,000 రూపాయలే. కానీ బిడ్డ మీ దగ్గరే ఉంటుంది.

అందుకని సీడబ్ల్యూసీ (బాలల సంక్షేమ కమిటీ) ముందు నిలబడ్డప్పుడు మీ ఇబ్బంది కేవలం డబ్బుదే అయితే ఆ మాట తడుముకోకుండా చెప్పండి. "పెంచలేకపోతున్నాం" అని ఒక్క ముక్కలో అనేసి ఏడ్చేస్తారు చాలామంది. ఎదుటివాళ్ళు దాన్ని "ఈ తల్లి బిడ్డను వద్దంటోంది" అని రాసుకునే ప్రమాదం ఉంది. "పెంచుతానండి, డబ్బు సాయం కావాలి, స్పాన్సర్‌షిప్‌కి పెట్టండి" అనాలి. ఈ రెండు వాక్యాలకీ మధ్య ఒక బిడ్డ బాల్యం ఉంది.

తాగుడు, కొట్టడం, బిడ్డను రోజుల తరబడి ఒంటరిగా వదిలేయడం, తల్లిదండ్రులిద్దరూ కనబడకుండా పోవడం లాంటివి ఉంటే విషయం వేరు. అప్పుడు బిడ్డను బయటికి తీసుకెళ్ళడం తప్పదు, తీసుకెళ్ళాలి కూడా.

ఈ నిర్ణయం ఎవరు తీసుకుంటారు? అంగన్‌వాడీ టీచరా, మహిళా పోలీసా?

వాళ్ళు సమాచారం ఇవ్వగలరు, అంతే. నిర్ణయం బాలల సంక్షేమ కమిటీది, అందరూ సీడబ్ల్యూసీ అనేది దాన్నే. ఒక ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. అందులో కనీసం ఒకరు మహిళ అయి ఉండాలి. నెలలో కనీసం 20 రోజులు కూర్చోవాలి. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటుకుండే అధికారాలు ఆ బెంచీకి ఉంటాయి. సంరక్షణ అవసరమైన బిడ్డ ఎవరి చేతికి చిక్కినా 24 గంటల్లో ఆ కమిటీ ముందు హాజరుపరచాలి. తర్వాత ఇంటి పరిస్థితి మీద 15 రోజుల్లో విచారణ నివేదిక, బిడ్డ మొదట హాజరైన రోజు నుంచి నాలుగు నెలల్లోపు తుది ఉత్తర్వు రావాలని చట్టం. ఆ ఉత్తర్వును అమలు చేసేది, ఫోస్టర్ ఇంటికి డబ్బు పంపేది, ఇళ్ళకు తిరిగేది జిల్లా బాలల సంరక్షణ విభాగం, అంటే డీసీపీయూ.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక చాలామందికి ఏ ఊరు వెళ్ళాలో తెలియక తిరుగుతున్నారు. రాజోలు నుంచి కాకినాడ వెళ్ళి, అక్కడ "మీది అమలాపురం" అంటే వెనక్కి వచ్చినవాళ్ళు నాకు తెలుసు. ఆ రోజు కూలి పోయింది, చార్జీలు పోయాయి. మీ ఆర్డర్ కాగితం పైభాగంలో కమిటీ పేరు, జిల్లా పేరు ఉంటాయి. అది చూసుకుని బయల్దేరండి.

నా దగ్గర ఆర్డర్ కాగితమే లేదు. ఏం చేయాలి?

ముందు అది తెచ్చుకోండి, మిగతావన్నీ తర్వాత. "నా బిడ్డ గురించి ఫలానా నెలలో ఇచ్చిన ఉత్తర్వు కాపీ ఇప్పించండి" అని తెల్లకాగితం మీద రెండు వాక్యాలు చాలు. రెండు ప్రతులు రాసి, ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం, తేదీ, స్టాంపు వేయించుకోండి. వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచుకోండి.

నోటిమాటగా అడిగినదానికి ఆఫీసులో ఏ రికార్డూ ఉండదు. ఒక తండ్రి పదకొండు నెలల పాటు ప్రతి నెలా ఆఫీసుకు వెళ్ళాడు, పాపం. ఎవరో ఒకరు "తర్వాత రండి" అన్నారు, వచ్చేశాడు. పన్నెండో నెలలో అధికారి మారాడు. ఫైలు తెరిస్తే "తండ్రి ఒక్కసారీ రాలేదు" అన్నట్టుగా ఉంది. అతను చెప్పులరిగేలా తిరిగిన పదకొండు సార్లకూ ఒక్క చీటీ లేదు. ఆ రోజు ఆ మనిషి ముఖం చూశాక, నా దగ్గరికి ఎవరొచ్చినా మొదట కాగితం, కలం చేతికిస్తున్నాను.

బిడ్డను చూడనిస్తారా?

చూడనివ్వాలి. తల్లిదండ్రులు పెంచే స్థితిలో లేరని కమిటీ నిర్ణయించి బిడ్డను ఫోస్టర్ కేర్‌కు పంపినా, మధ్యమధ్యలో నిర్ణీత వ్యవధిలో వెళ్ళి చూడవచ్చని 44వ సెక్షన్‌లోనే ఉంది. చూడడం బిడ్డకు మంచిది కాదని కమిటీ అనుకుంటే ఆపవచ్చు. కానీ ఎందుకు ఆపారో కారణం రాసి పెట్టాలి. "ఇప్పుడు వద్దులే అమ్మా" అని గుమ్మం దగ్గర ఎవరో అనడం కారణం కిందకు రాదు. చూడనివ్వకపోతే ఆ కారణం రాతలో అడగండి.

ఎన్నిరోజులకోసారి, ఎక్కడ, ఎంతసేపు అనేది ఆర్డర్‌లోనే రాయించుకుంటే మంచిది. ఇది నా సలహా. నెలకోసారి, రెండో శనివారం, డీసీపీయూ ఆఫీసులో గంటసేపు అని ఉంటే ఎవరికీ టెన్షన్ ఉండదు. ఫోస్టర్ వాళ్ళింటికి చెప్పాపెట్టకుండా వెళ్ళకండి. వాళ్ళకూ భయం ఉంటుంది, బిడ్డ మధ్యలో నలిగిపోతుంది.

ఇంకొకటి చెప్పాలి. మొదటిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు మనసు గట్టి చేసుకుని వెళ్ళండి. ఒక తల్లితో నేను తోడు వెళ్ళాను. ఆవిడ ఆత్రేయపురం నుంచి పూతరేకులు కొనుక్కొచ్చింది, బస్సులో నలిగిపోతాయని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడేళ్ళ పిల్ల గదిలోకి వచ్చి, అమ్మను చూసి, గబుక్కున ఫోస్టర్ తల్లి చీర కుచ్చెళ్ళు పట్టుకుని వెనక్కి నక్కింది. ఆ తల్లి డబ్బా మూత తీయబోయిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఫోస్టర్ తల్లి మంచావిడ. "అమ్మొచ్చింది చూడు, నీకేం తెచ్చిందో" అని పిల్లను ముందుకు తోసింది. పది నిమిషాల తర్వాత పిల్ల ఒక పూతరేకు విరిచి, సగం తను తిని, సగం అమ్మ నోటిదాకా పెట్టింది. మాట మాత్రం మాట్లాడలేదు. బయటికొచ్చాక ఆ తల్లి "నన్ను మర్చిపోయిందండీ" అని కుప్పకూలిపోయింది. మర్చిపోలేదు. పిల్లలకు కోపం ఉంటుంది, ఎందుకు వదిలేశారో అర్థం కాని బెంగ ఉంటుంది. మూడో నెలకు ఆ పిల్లే గేటు దగ్గర నిలబడి ఎదురుచూసింది. మొదటిరోజు చూసి బెదిరిపోయి వెళ్ళడం మానేసి ఉంటే ఆ మూడో నెల వచ్చేది కాదు.

నేను కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేస్తున్నాను. పిల్లల్ని ఆయన దగ్గర వదిలి వచ్చాను. ఇప్పుడు ఫోస్టర్ కేర్‌లో ఉన్నారని తెలిసింది. నేనేం చేయగలను?

గోదావరి జిల్లాల్లో ఈ ప్రశ్న ఎన్ని ఇళ్ళల్లో ఉందో! మలికిపురం, రాజోలు, నరసాపురం వైపు తిరిగితే అమ్మ గల్ఫ్‌లో, పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉన్న వీధులే కనిపిస్తాయి. అమ్మమ్మ పోయాకో, తండ్రి తాగుడుకు పడిపోయాకో ఇలా జరుగుతుంది.

మీరు వదిలేసి వెళ్ళలేదు, పిల్లల కోసమే వెళ్ళారు. ఆ సంగతి ఫైల్లోకి వెళ్ళాలి, లేకపోతే "తల్లి ఆచూకీ లేదు" అనే మాట ఫైల్లో మిగిలిపోతుంది. అది మామూలు మాట కాదు. తల్లిదండ్రులెవరో తేలని, లేదా వదిలేశారని తేలిన పిల్లల్ని దత్తతకు అర్హులుగా ప్రకటించే ప్రక్రియకు చట్టం పెట్టిన గడువు రెండేళ్ళలోపు బిడ్డకు రెండు నెలలు, అంతకన్నా పెద్ద బిడ్డకు నాలుగు నెలలు. అంత చిన్న గడువు.

కాబట్టి వెంటనే కమిటీకి ఉత్తరం రాయండి. మీ పేరు, పాస్‌పోర్టు కాపీ, వీసా పేజీ, పని చేసే చోటు, ఫోన్ నంబరు, ఇంటికి డబ్బు పంపిన రసీదులు ఉంటే అవీ పెట్టండి. ఇక్కడ మీ తరఫున మాట్లాడే బంధువు ఎవరో రాయండి. ఆ కాగితం అక్కడి భారత రాయబార కార్యాలయంలో అటెస్ట్ చేయించి పంపితే బలం ఎక్కువ. పిల్లలతో వీడియో కాల్‌కు అనుమతి అడగండి. ఇక్కడ పిన్నో, పెద్దమ్మో పిల్లల్ని చూసుకోగలిగితే, వాళ్ళను 'ఫిట్ పర్సన్'గా, అంటే బిడ్డను చూసుకోవడానికి తగిన మనిషిగా గుర్తించి బిడ్డను అప్పగించమని కమిటీని అడిగే వీలుంది. మీరు ఏ నెలలో తిరిగి వస్తారో ఖరారైతే అదీ రాయండి. మీ అరబ్బు యజమాని సెలవు ఇవ్వకపోయినా ఈ ఉత్తరం మీ బదులు ఆ గదిలో ఉంటుంది.

బిడ్డ ఉన్న ఇంటిని ఎవరైనా చూస్తున్నారా, వదిలేశారా?

చట్టప్రకారం కమిటీ ప్రతి నెలా ఆ ఇంటిని తనిఖీ చేయాలి. బిడ్డ బడికి వెళుతోందా, బరువు పెరిగిందా, నిద్రపోయే చోటు ఎలా ఉంది, బిడ్డ ఏమంటోంది, ఇవన్నీ చూసి నమోదు చేయాలి. సరిగ్గా చూసుకోవడం లేదని తేలితే బిడ్డను అక్కణ్ణుంచి తీసి వేరే కుటుంబంలో పెట్టాలి. ఆ కుటుంబాన్ని ఎంచుకునేటప్పుడే వాళ్ళ శక్తి, ఉద్దేశం, పిల్లల్ని పెంచిన అనుభవం చూడాలి. కమిటీ తన పని గురించి కలెక్టరుకు నివేదిక ఇవ్వాలి, కలెక్టరు మూడు నెలలకోసారి కమిటీ పనితీరును సమీక్షించాలి. అంటే ఫోస్టర్ కుటుంబం మీద కమిటీ, కమిటీ మీద కలెక్టరు.

కాగితం మీద ఇది బాగుంటుంది. డెల్టాలో తిరిగి చూస్తే కష్టం తెలుస్తుంది. ఒక లంక ఊరికి వెళ్ళాలంటే బస్సు దిగి, ఆటో ఎక్కి, పంటు కోసం ఆగి, రేవు దాటి మళ్ళీ నడవాలి. ఒక ఇంటికే పూట గడిచిపోతుంది. ఇలాంటి చోట తనిఖీ ఫోన్ కాల్‌గా మారిపోకుండా చూడాలి. ఫోన్‌లో "బాగున్నావా నాన్నా" అంటే, పక్కన పెద్దవాళ్ళు నిలబడి ఉండగా ఏ పిల్లాడైనా బాగున్నాననే అంటాడు. మనిషి వెళ్ళాలి, బిడ్డతో విడిగా కాసేపు మాట్లాడాలి, నోట్‌బుక్కులు తిప్పి చూడాలి. నా గట్టి అభిప్రాయం ఇది, దీని మీద నేను వెనక్కి తగ్గను.

మీరు చేయగలిగిందేమిటంటే, "గత మూడు నెలల్లో తనిఖీ ఏయే తేదీల్లో జరిగింది?" అని అర్జీ పెట్టడం. అడిగేవాళ్ళుంటే తనిఖీ తేదీలు తప్పవు.

బిడ్డ ఒంటి మీద దెబ్బలు కనిపించాయి. ఏం చేయను?

1098కి ఫోన్ చేయండి. ఏ వేళైనా చేయవచ్చు. ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే 112. తర్వాత అదే రోజు కమిటీకీ, డీసీపీయూకీ రాతలో చెప్పండి. దెబ్బ ఎక్కడ, ఏ రంగులో, ఎంత ఉంది, బిడ్డ తన మాటల్లో ఏమంది, సమయం ఎంత, ఉన్నది ఉన్నట్టు రాయండి. "చంపేస్తున్నారు" లాంటి పెద్ద మాటల కన్నా "ఎడమ మోచేతి పైన రూపాయి బిళ్ళంత నల్లగా కమిలింది" అనే మాట విలువైనది. బిడ్డను పదే పదే అడిగి చెప్పించకండి. బంధువుల్ని వేసుకుని ఆ ఇంటి మీదికి గొడవకు వెళ్ళకండి. వెళ్తే రేపు మీ సందర్శనలే ఆగిపోతాయి. తన సంరక్షణలో ఉన్న బిడ్డ పట్ల క్రూరంగా ప్రవర్తించడం 75వ సెక్షన్ కింద నేరం, అది ఫోస్టర్ తల్లిదండ్రులకూ వర్తిస్తుంది.

వరద వస్తే? ఆ ఇల్లు లంకలో ఉందంటున్నారు.

జులై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక అనగానే కన్నవాళ్ళ ఫోన్లు మొదలవుతాయి. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండోది దాటితే చాలా లంకలకు రాకపోకలు ఉండవు. 2022 జులైలో వచ్చిన వరద చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు.

దీనికి ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఫోస్టర్ కుటుంబం బిడ్డతో పునరావాస కేంద్రానికి గానీ గట్టు మీదున్న చుట్టాలింటికి గానీ వెళ్తే, ఎక్కడున్నారో డీసీపీయూకి చెప్పాలని, డీసీపీయూ మీకు చెప్పాలని మే నెలలోనే ఒక అర్జీ ఇచ్చి పెట్టుకోండి. నీళ్ళొచ్చాక అధికారులందరూ పడవల మీద ఉంటారు, ఫోన్ ఎత్తే తీరిక ఉండదు.

మా ఫిర్యాదు ఎవరూ పట్టించుకోవడం లేదు. పైన ఎవరున్నారు?

కలెక్టరు. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు, చట్టం ఆయనకు అప్పగించిన పని. ఇందులో రెండు దారులున్నాయి, వాటిని కలిపేసుకోవద్దు.

మొదటిది ఫిర్యాదు. కమిటీ పనిచేసే తీరు మీద, అంటే వాయిదాల మీద వాయిదాలు వేయడం, మీ మాట వినకపోవడం, బిడ్డను చూడనివ్వకపోవడం, తనిఖీలు చేయకపోవడం లాంటివాటి మీద, బిడ్డ గానీ, బిడ్డతో సంబంధం ఉన్న ఎవరైనా గానీ కలెక్టరుకు ఫిర్యాదు చేయవచ్చు. 27వ సెక్షన్ పదో ఉపసెక్షన్. 2021లో సవరించి 2022 సెప్టెంబరు 1 నుంచి అమలు చేసిన మార్పు తర్వాత ఇది ఇంకా స్పష్టంగా ఉంది. కలెక్టరు ఇరుపక్షాల మాటా విని ఉత్తర్వు ఇవ్వాలి.

రెండోది అప్పీలు. కమిటీ ఇచ్చిన ఆర్డరే తప్పని మీరు అనుకుంటే ఇది. ఫోస్టర్ కేర్, స్పాన్సర్‌షిప్ నిర్ణయాల మీద అప్పీలు 101వ సెక్షన్ కింద కలెక్టరుకే, ఆర్డర్ తేదీ నుంచి 30 రోజుల్లోపు వెళ్ళాలి. గడువు దాటినా, సరైన కారణం ఉంటే తీసుకునే వీలుంది. ఆసుపత్రిలో ఉన్నారనో, ఆర్డర్ కాపీ ఆలస్యంగా చేతికందిందనో రుజువు పెట్టండి. తీసుకున్న అప్పీలును 30 రోజుల్లో తేల్చాలి. కమిటీ ఇచ్చే మిగతా ఆర్డర్ల మీద అప్పీలు మాత్రం బాలల న్యాయస్థానానికి వెళ్తుంది. ఆ పైన హైకోర్టుకు రివిజన్ అధికారం ఉంది.

సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వవచ్చు. కానీ పింఛన్ల అర్జీలు, పట్టాదారు పాసుపుస్తకాల అర్జీలు వందల్లో వచ్చే చోట మీది కూడా మామూలు అర్జీలా ఏదో శాఖకు బదిలీ అయిపోవచ్చు. చివరికి తిరిగి తిరిగి మీరు ఎవరి మీద చెప్పారో వాళ్ళ దగ్గరికే వస్తుంది. అందుకని అర్జీ మొదటి లైన్లోనే "జువైనల్ జస్టిస్ చట్టం 27(10) కింద ఫిర్యాదు" అనో, "101 కింద అప్పీలు" అనో పెద్దగా రాయండి. బాలల హక్కుల పరిరక్షణకు రాష్ట్ర కమిషన్ కూడా ఉంది, దానికీ ఒక కాపీ పంపండి.

లాయరుకు ఇచ్చుకునే స్థోమత లేదు.

అక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరును ఇస్తారు. రాజమహేంద్రవరం, ఏలూరు జిల్లా కోర్టుల్లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉన్నాయి. చిన్న కోర్టుల దగ్గర మండల కమిటీలు ఉంటాయి. ఫోన్ 15100.

మా గురించి తప్పుగా రిపోర్టు రాశారు. చూపించమంటే రహస్యం అంటున్నారు.

రిపోర్టులు గోప్యమే, అది బిడ్డ మేలు కోసం. కానీ 99వ సెక్షన్‌లోనే ఒక వెసులుబాటు ఉంది. రిపోర్టులోని సారాంశాన్ని తల్లిదండ్రులకు చెప్పి, దాని మీద మీ సాక్ష్యం పెట్టుకునే అవకాశాన్ని కమిటీ ఇవ్వవచ్చు. రిపోర్టు కాపీ కాకుండా, "సారాంశం తెలియజేసి, నా ఆధారాలు సమర్పించే అవకాశం ఇవ్వండి" అని అడగండి. ఇచ్చి తీరాలని లేదు. కానీ మీ మాట వినడం, పక్షపాతం లేకుండా చూడడం ఈ చట్టం మూడో సెక్షన్‌లో పెట్టుకున్న సూత్రాలే, వాటిని గుర్తు చేయండి. "తండ్రి రోజూ తాగుతాడు" అని ఉంటే డీ అడిక్షన్ సెంటర్ కాగితాలు, పని ఇచ్చే చెరువు యజమాని మాట, ఇంటి ఫొటో తీసుకెళ్ళండి.

అన్నను ఒక ఇంట్లో, చెల్లిని ఒక ఇంట్లో పెట్టారు.

తోబుట్టువుల్ని కలిపి ఉంచడానికి అన్ని ప్రయత్నాలూ చేయాలని చట్టం. విడదీయడం పిల్లలకే మంచిదైతే తప్ప. కారణం అడగండి. కలపడం కుదరకపోతే, కనీసం మీరు చూసే రోజున ఇద్దరినీ ఒకే చోటికి తీసుకురమ్మనండి.

మేం చర్చికి వెళ్తాం, ఆ ఇంట్లో వాళ్ళు వేరే. మావాడికి చేపల పులుసు లేనిదే ముద్ద దిగదు, వాళ్ళు తినరు.

ఇలా అడిగేవాళ్ళను చాదస్తులని కొట్టిపారేయడం నేను విన్నాను, బాధపడ్డాను. బిడ్డను సొంత ఇంటికి దూరంగా ఉంచినప్పుడు పెంపకంలో వీలైనంత కొనసాగింపు ఉండాలని, మతం, సంస్కృతి, భాష సంగతి పట్టించుకోవాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణం చెబుతుంది. భారతదేశం 1992లో దానిలో చేరింది. ప్రతి బిడ్డకూ విడిగా ఒక సంరక్షణ ప్రణాళిక రాయాలి, ఈ సంగతులు అందులోకి రావాలి. ఆదివారం గుడి గానీ చర్చి గానీ, వారానికోసారి చేప, పడుకునేటప్పుడు లైటు ఉంచడం, ఏ మందు పడదు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. నేను చూసిన ఫోస్టర్ కుటుంబాల్లో చాలామంది అలాంటి కాగితం దొరికితే సంతోషించారు. కొత్తగా వచ్చిన పిల్లాడు రాత్రి ఎందుకు ఏడుస్తున్నాడో తెలియక వాళ్ళూ నిద్రలేకుండా కూర్చున్నారు మరి.

టీవీవాళ్ళకు చెప్పమని, ఫేస్‌బుక్‌లో పెట్టమని అందరూ అంటున్నారు.

పెట్టకండి. సంరక్షణలో ఉన్న బిడ్డ పేరు, ఫొటో, బడి, ఇల్లు తెలిసేలా ఏదీ బయటపెట్టకూడదు. 74వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు జైలు గానీ, రెండు లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. వాట్సాప్ గ్రూపులూ అంతే.

ఫోస్టర్ వాళ్ళు మా బిడ్డను దత్తత తీసేసుకుంటారా?

మీరుండగా, మీరు ఇస్తామని రాయకుండా, వాళ్ళంతట వాళ్ళు తీసుకోలేరు. 2024లో వచ్చిన ఫోస్టర్ కేర్ మార్గదర్శకాల ప్రకారం రెండేళ్ళు పెంచిన కుటుంబం దత్తతకు ముందుకు రావచ్చు. ఇంతకుముందు అది ఐదేళ్ళు. కానీ ముందు ఆ బిడ్డను దత్తతకు అర్హమైన బిడ్డగా కమిటీ ప్రకటించి ఉండాలి. పైన చెప్పినట్టు మీరు బిడ్డను వదిలేశారని కమిటీ తేల్చితే తప్ప, మీరు బిడ్డను అప్పగిస్తూ కమిటీ ముందు సంతకం చేస్తేనే అది జరుగుతుంది. అలా సంతకం చేసినా మనసు మార్చుకోవడానికి రెండు నెలలు గడువు ఉంది. చదవకుండా, చదివించుకోకుండా ఏ కాగితం మీదా సంతకం గానీ వేలిముద్ర గానీ వేయకండి. "ఫార్మాలిటీ అమ్మా" అన్నా వేయకండి. ఎవరో మధ్యవర్తి డబ్బు మాట ఎత్తితే అది బిడ్డను అమ్మడమే, ఐదేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష జరిమానా పడే నేరం. ఆ మాట అన్నవాడి సంగతి 1098కి చెప్పండి.

మరి ఎప్పుడు ఇస్తారు?

మీరు చూసుకోగలరని కమిటీకి నమ్మకం కుదిరినప్పుడు. బిడ్డను తిరిగి ఇంటికి చేర్చడమే ప్రధాన ఉద్దేశమని 40వ సెక్షన్ చెబుతుంది, కాబట్టి అడగడానికి మొహమాటపడక్కరలేదు. ఏ కారణంతో తీసుకెళ్ళారో ఆ కారణం పోయిందని చూపించాలి. తాగుడైతే మానేసిన రుజువు. ఇల్లు లేదంటే అద్దె చీటీ అయినా. పగలు రొయ్యల షెడ్డుకు వెళ్తే బడి వదిలాక బిడ్డను చూసేది ఎవరో వాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళాలి. మీరు బిడ్డను చూడడానికి వచ్చిన తేదీల చీటీలు మరిచిపోకండి, వాటికన్నా బలమైన సాక్ష్యం నేను చూడలేదు. కాదంటే కారణం రాయించుకుని, ఏమేం చేస్తే ఇస్తారో అడిగి, అవి చేసి, మళ్ళీ అర్జీ పెట్టండి.

ఇంటికి వచ్చాక కూడా అధికారులు వస్తారా?

కొన్నాళ్ళు వస్తారు. పర్యవేక్షణతో అప్పగించారని ఆర్డర్‌లో ఉంటే తప్పకుండా వస్తారు. వాళ్ళను గుమ్మంలో నిలబెట్టకుండా లోపలికి రమ్మనండి, బిడ్డ పడుకునే చోటు, పుస్తకాలు చూపించండి. ఇల్లు చిన్నదని సిగ్గుపడకండి.

బిడ్డ మొదట్లో ఫోస్టర్ ఇంటి మీద బెంగ పెట్టుకుంటుంది. అక్కడి అన్నయ్య పేరు కలవరిస్తుంది, అక్కడి కూర అడుగుతుంది. అప్పుడు "వాళ్ళ ఊసెత్తకు" అని కసరకండి. పూతరేకుల పిల్ల ఇంటికొచ్చి ఏడాది దాటింది. మొన్న సంక్రాంతికి ఆ తల్లి అరిసెల డబ్బా పట్టుకుని, పిల్లను వెంటబెట్టుకుని, కమిటీకి చెప్పి మరీ ఆ ఇంటికి వెళ్ళొచ్చింది.